కోడిని కానని ధ్రువపత్రం

సిద్ధిరాములు చేత దరఖాస్తు రాయించుకోని ఇల్లు ఎల్లారెడ్డిలో తక్కువ. తహసీల్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద ఆయనకో బల్ల, రెండు కుర్చీలు, గమ్ము సీసా, తేదీ ముద్ర ఉన్నాయి. రేషన్ కార్డులో పేరు తప్పుపడ్డా, పొలం గట్టు జరిగినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా జనం ముందు ఆయన దగ్గరికే వస్తారు. "గౌరవనీయులైన" అని మొదలుపెట్టి "చిత్తగించవలెను" అని ముగించేలోపు ఎంత రాతిగుండె అధికారి అయినా కరగాల్సిందేనని ఆయన నమ్మకం. కరగనివాళ్ల కోసం జిరాక్సులు జతచేస్తాడు.

ఆయన కూతురు వినీత కామారెడ్డిలో డిగ్రీ మూడో సంవత్సరం, కంప్యూటర్స్. పొద్దున బస్సెక్కి వెళ్లి సాయంత్రం తిరిగొస్తుంది. తల్లి విమలమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది. నాయనమ్మ దుర్గవ్వ కోళ్లను పెంచుతుంది. తండ్రి ఆమెను అవ్వా అంటాడు కనుక వినీతకూ ఆమె అవ్వే.

అంతా దుర్గవ్వ కోళ్లతోనే మొదలైంది. రోజూ మునిమాపు వేళ కోళ్లు గూట్లోకి చేరగానే ఆమె లెక్కపెట్టేది. ఆ లెక్క ఎన్నడూ ఒక్కతీరుగా ఉండేది కాదు. తక్కువొచ్చిన రోజు పక్కింటి పిల్లిని తిట్టేది. ఎక్కువొచ్చిన రోజు, తమ కోడిని ఇటు తోలి మేత తినిపిస్తున్నారని పక్కింటివాళ్లనే తిట్టేది. రెండు రకాల తిట్లూ గోడ దాటి స్పష్టంగా వినిపించేవి. ఈ గొడవ తీరే దారి కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే వినీతకు ‘హెన్‌కౌంట్’ దొరికింది.

అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. అంటే ఏ కంపెనీ దాన్ని అమ్మదు. రకరకాల దేశాల్లో ఉన్న కోళ్ల పిచ్చివాళ్లు కొందరు తీరిక వేళల్లో కలిసి రాసి, ఆ కోడ్ మొత్తం అందరికీ కనిపించేటట్టు పెట్టారు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. తప్పు కనిపెట్టినవాళ్లు సరిచేసి పంపవచ్చు. పాత ఫోనొకటి గూటికి ఎదురుగా వేలాడదీస్తే అది కెమెరాలోంచి చూస్తూ కోళ్లను లెక్కపెడుతుంది. ఒక్కో కోడిని గుర్తించినప్పుడల్లా ‘కొక్’ అంటుంది.

వినీత ఫోను వేలాడదీసిన మొదటి సాయంత్రం గూటి దగ్గర ఉన్నవి ఏడు కోళ్లు. ఫోను ఎనిమిదిసార్లు ‘కొక్’ అంది.

"ఏంది, ఎన్నొచ్చినయి?" అంది దుర్గవ్వ. గూటి పక్కన పీట మీద, ఫోనుకు వీపు పెట్టి కూర్చుని ఉంది.

"ఎనిమిదవ్వా."

"ఎనిమిదెక్కడియి? ఏడే గద."

వినీత ఫోను తెర వైపు చూసింది. ఏడు కోళ్ల చుట్టూ ఏడు పచ్చ గీతల పెట్టెలున్నాయి. ఎనిమిదో పెట్టె దుర్గవ్వ నెరిసిన కొప్పు చుట్టూ ఉంది. కింద ‘తెల్ల కోడి’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు కానీ వినీతకు అప్పటికే నవ్వు ఆగడం లేదు.

"ఎనిమిదోది నువ్వే అవ్వా."

దుర్గవ్వ పీట మీంచి లేచింది. "నన్ను కోడంటదా? నలుగురు పిల్లలను గన్న. ఇద్దరు సర్పంచులను ఓడగొట్టిన. నన్ను కోడంటదా? పీకి అవతల పారెయ్ దాన్ని!"

పీకి పారెయ్యలేదు కానీ ఆ రోజు నుంచి దుర్గవ్వ గూటి వైపు వెళ్లాల్సి వస్తే కొంగు నిండుగా కప్పుకొని, ఫోనును గుర్రుగా చూస్తూ వెళ్లేది.

వినీత ఆ ఫొటో జతచేసి, మీ సాఫ్ట్‌వేర్ మా నాయనమ్మను కోడి అంటోందని ప్రాజెక్టువాళ్లకు రాసింది. మర్నాడే జవాబొచ్చింది. రాసినావిడ పేరు ఇనెస్. పోర్చుగల్‌లో ఉంటుంది, ప్రాజెక్టును నడిపేవాళ్లలో ఒకరు. "మీ నాయనమ్మగారికి మా అందరి క్షమాపణలు చెప్పండి. ఈ వేసవిలో కొందరు విద్యార్థులను తీసుకొని దగ్గరుండి పని నేర్పిస్తున్నాం. మీరూ దరఖాస్తు చేసుకోకూడదా?" అని ఉంది అందులో.

వినీతకు కాళ్లు భూమ్మీద ఆగలేదు. వాళ్ల క్లాసులో ఎవరూ ఇలాంటిదానికి దరఖాస్తు చేయలేదు. ఆ సంతోషంలో ఒక పొరపాటు చేసింది. రాత్రి అన్నాల దగ్గర ‘దరఖాస్తు’ అనే మాట పైకి అనేసింది.

సిద్ధిరాములు తింటున్నవాడల్లా ఆగి, చెయ్యి కడుక్కొచ్చి, కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"ఏమేం అడిగిండ్రో చదువు బిడ్డా."

"గదేం లేదు బాపు. నాలుగు ప్రశ్నలున్నయి. నేనే రాసుకుంట."

"ఊరందరియి రాసిన. కన్నబిడ్డది రాయనా? చదువు."

వినీత ఫోను చూసి చదివింది. "‘టెల్ అజ్ అబౌట్ యువర్ కమ్యూనిటీ.’ అంటె ఏందంటె..."

"సమజైంది. కమ్యూనిటీ సర్టిఫికెట్. మీసేవల రేపే అప్లై జేస్త."

"కులం కాదు బాపు! కమ్యూనిటీ అంటె నేను ఎవరెవరితోని కలిసి పనిచేస్తనో చెప్పమంటున్నరు."

"పైకి గట్లనే అంటరు. ఎల్లారెడ్డి అయినా పోర్చుగల్ అయినా ఆఫీసు ఆఫీసే. ఇంకేం అడిగిండ్రు?"

"‘వాట్ ఈజ్ యువర్ బ్యాక్‌గ్రౌండ్?’"

"ఇన్‌కమ్ సర్టిఫికెట్" అన్నాడు సిద్ధిరాములు, క్షణం కూడా ఆలోచించకుండా.

చాటలో తునికాకు కత్తిరిస్తున్న విమలమ్మ తలెత్తింది. "పిల్ల చెప్పేదొకటి, నువ్వు ఇనేదొకటి. గీ చెవులతోనేనా ఊరందరి బాధలు రాస్తున్నవు?"

"నీకెర్కలేదు విమలా. గీ అమ్మాయి ‘హెన్ కౌంట్’ అంటున్నది. కౌంటంటె లెక్క. లెక్కలోళ్లు కాయితం లేంది నమ్మరు."

ఇంకో చివర మంచం మీంచి దుర్గవ్వ అడిగింది. "కోడ్ రాస్త కోడ్ రాస్త అంటవు. నాకు సమజ్‌గాక అడుగుత పిల్లా, కామారెడ్డిల మీకు కోళ్ల గురించే చదువు చెప్తున్నరా?"

వినీత ఇక ఎవరికీ ఏమీ చెప్పదలచుకోలేదు. మర్నాడు కాలేజీ ల్యాబులో కూర్చుని తనకొచ్చిన ఇంగ్లీషులో తానే జవాబులు రాసింది. ‘కమ్యూనిటీ’ దగ్గర, కాలేజీలో జూనియర్లకు సాయంత్రాలు ప్రోగ్రామింగ్ చెప్పడం గురించి రాసింది. ‘బ్యాక్‌గ్రౌండ్’ దగ్గర, బస్సులో కూర్చుని ఫోన్లోనే కోడ్ రాయడం నేర్చుకున్న సంగతి రాసింది. రెండుసార్లు చదువుకొని పంపించింది. బాపుకు కోపం రాకుండా పని అయిపోయిందనుకుంది.

వారం తర్వాత, ఎల్లారెడ్డి బస్సు లింగంపేట దాటుతుండగా ఇనెస్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది.

"ప్రియమైన వినీతా, మీ దరఖాస్తు అందింది, చాలా నచ్చింది. దాని తర్వాత మీ కార్యాలయం నుంచి మరో దరఖాస్తు కూడా అందింది. అందులో మీ కుల ధ్రువీకరణ, నివాస ధ్రువీకరణ, పదో తరగతి మెమో, రేషన్ కార్డు, అయిదో తరగతిలో మీ ప్రవర్తన సంతృప్తికరమని హెడ్మాస్టర్ ఇచ్చిన కాగితం ఉన్నాయి. కోళ్ల ఫొటో మీద తేదీ ముద్ర కూడా ఉంది. తెలుగులో ఒక లేఖ ఉంటే కంప్యూటర్‌తో అనువాదం చేయించాం. ‘మీ కాళ్ల తామరపూలకు నమస్కారం’ అని వచ్చింది. మా కమిటీలో ఎవరి కాళ్లకూ తామరపూలు లేవు. దీన్ని మేం ఎలా అర్థం చేసుకోవాలి?"

వినీతకు చెవుల దాకా వేడెక్కింది. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకు నడిచింది. పక్కనే ఇంటర్నెట్ సెంటర్ నడిపే యాకూబు, సిద్ధిరాములు కలిసి చాయ్ తాగుతున్నారు.

"బాపూ, పోర్చుగల్‌కు ఏం పంపినవు?"

సిద్ధిరాములు ముఖం వెలిగిపోయింది. "అందినయా? అన్నీ అందినయా?"

"యాకూబన్నా, నువ్వన్న చెప్పొద్దా?"

"అడ్రసు నెట్‌ల దొరికింది గని నేను వద్దనే అన్న వినీతా" అన్నాడు యాకూబు. "గిన్ని పేజీలు ఒక్క మెయిల్‌ల పోవు అన్న. అయితే రెండు మెయిళ్లు కొట్టు అన్నడు మీ బాపు."

"నా పరువు ఇన్ని దినాలు కామారెడ్డి దాకనే పోయేది. ఇగ పోర్చుగల్ల గూడ పోయింది."

సిద్ధిరాములు చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. గ్లాసు కింద తడి కాగితానికి అంటకుండా పక్కకు జరిపాడు. "ఒక్క కాయితం జత చెయ్యలేదని మంచి మంచి దరఖాస్తులు వాపస్ వచ్చుడు నేను చూసిన బిడ్డా. గీ బల్ల మీదికే వస్తయి. నీది గట్ల రావద్దనుకున్న. అంతే."

వినీత నాలుక చివర ఇంకా చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. అయినా ఎదుటి కుర్చీలో కూలబడి, తండ్రి తాగకుండా వదిలేసిన చాయ్ తానే తాగేసింది. తర్వాత ఇనెస్‌కు జవాబు రాసింది. రెండో దరఖాస్తు పంపింది తన తండ్రి అని, ఆయన ఊరందరికీ దరఖాస్తులు రాసిపెడతాడని, తామరపూలు మర్యాద కోసమేనని చెప్పింది. ఇనెస్ వెంటనే తిరిగి రాసింది. వచ్చే ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడదాం, మీ నాయనమ్మను కోడి అన్న ఆ తప్పు నా కళ్లారా చూడాలి, కుదిరితే మీ నాన్నగారిని కూడా చూడాలి అంది.

ఆదివారం సాయంత్రానికి సిద్ధిరాములు ఇస్త్రీ చొక్కా వేసుకొని, జేబులో రెండు పెన్నులు పెట్టుకొని, గూటి ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఇనెస్‌కు అప్పుడు మధ్యాహ్నం. ఫోనులో కనిపించినావిడ పెద్దావిడే. తల మీద గడ్డి టోపీ, వెనక పచ్చటి పెరడు. పలకరింపులయ్యాక, ఇక ఆ తప్పు చూపించమంది.

చూపించాలంటే దుర్గవ్వ వచ్చి పీట మీద కూర్చోవాలి. దుర్గవ్వ రానంది.

"పరాయి దేశంల గూడ నన్ను కోడి అనిపిస్తవా? పో."

"ఒక్క నిమిషం అవ్వా. నీ కాళ్లు మొక్కుత."

"నేను రాను. నీ బాపును కూసోపెట్టు."

సిద్ధిరాములు వెనకాడలేదు. తెల్ల తువ్వాలు తలకు చుట్టుకొని పీట మీద కూర్చున్నాడు. ఫోను పలకలేదు. కొంచెం వంగాడు. పలకలేదు. మెడ ముందుకు చాచి, మోచేతులు రెండూ వెనక్కి మడిచి మరీ చూశాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు.

"నన్నెందుకు అంటలేదు?" అన్నాడు. గొంతులో నిజంగానే చిన్నబుచ్చుకున్న జీర వినిపించింది.

"నువ్వు కోడివి కావని దానికి తెలిసింది బాపు."

"మా అవ్వనంటది గని నన్ననదా? ఇదేం లెక్క?"

వినీత ఈ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. ఇనెస్ పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ వచ్చిన కన్నీళ్లు తుడుచుకోవడానికి కళ్లద్దాలు తీసింది, అవి చేయి జారాయి, వాటిని వెతకడానికి టోపీ తీసి పక్కన పెట్టి కిందికి వంగింది. వినీత తన ఫోను కెమెరా గూటి వైపు, తెర పాత ఫోను వైపు ఉండేట్టు పట్టుకొని ఉంది. దాని తెర నిండా ఇనెస్ తెల్లటి జుట్టే.

గూటి ఎదుట వేలాడుతున్న పాత ఫోను ‘కొక్’ అంది.

ఇంటి లోపల్నుంచి దుర్గవ్వ గొంతు వినిపించింది. "ఎవరినన్నది?"

"ఇనెస్ మేడమ్‌ను అవ్వా."

"ఆ దొరసానమ్మను గూడనా?"

"ఆమెను గూడ కోడే అన్నది."

దుర్గవ్వ గడప దాటి వచ్చింది. తెరలో కనిపిస్తున్న ఇనెస్‌ను కింది నుంచి మీది దాకా చూసింది. ఇనెస్ తన తల చూపించుకొని, రెండు చేతులూ రెక్కల్లా ఆడించింది. దుర్గవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. తర్వాత కొంగు తీసేసి, వెళ్లి పీట మీద దర్జాగా కూర్చుంది. "ఆమెకు లేని సిగ్గు నాకెందుకు? కొక్ అననియ్యి."

‘కొక్.’

ఆ రోజు కాల్ చివర్లో ఇనెస్ అసలు సంగతి చెప్పింది. కంప్యూటర్‌కు నెరిసిన తలలు ఎన్నడూ చూపించలేదు, అందుకే నెరిసిన వెంట్రుకలు కనిపిస్తే తెల్ల ఈకలనుకొని కోడి అంటోంది. ఎంపిక జరిగేముందు ప్రతి విద్యార్థీ ఒక చిన్న పని చేసి చూపించాలి. వినీత పని ఇదే. నెరిసిన తలల ఫొటోలు సేకరించి, ఇవి కోళ్లు కావని దానికి నేర్పాలి. కాకపోతే ఫొటో ఇచ్చిన ప్రతి మనిషీ రాతపూర్వకంగా అంగీకారం తెలపాలి.

వినీత చెప్పిన మాటల్లో సిద్ధిరాములు చెవిన పడింది ‘రాతపూర్వకంగా’ అన్నదొక్కటే. కానీ మొన్నటి సంగతి గుర్తొచ్చి, జేబులోంచి తీయబోయిన పెన్ను వదిలేశాడు. నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. వినీతకు జాలేసింది.

"రాయి బాపు. ఒక్క పేజీ. ఒక్కటంటె ఒక్కటే."

ఆయన అప్పటికప్పుడు కూర్చుని రాశాడు. "ఎల్లారెడ్డి వాస్తవ్యురాలు శ్రీమతి ఫలానా అను నేను, నా పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా తెలియజేయునది ఏమనగా, నేను కోడిని కాను. గతములో కూడా ఎన్నడును కోడిని కాను. నా తల ఫొటోను కోడి కాని వాటి కింద జమ చేసుకొని సాఫ్ట్‌వేరుకు నేర్పుటకు నాకు ఎట్టి అభ్యంతరమును లేదు." కింద దస్కత్ లేదా వేలిముద్ర, పక్కన తేదీ.

వినీత చదివి, నవ్వు ఆపుకుంటూ, "మంచిగనే ఉన్నది" అంది. యాకూబు ఒక కట్ట ప్రింటు తీసిచ్చాడు.

మొదట వాడకట్టులోని ముసలమ్మలు ముందుకు రాలేదు. ఫొటో దేనికి, వేలిముద్ర దేనికి అని తలుపులు దగ్గరికేసుకున్నారు. చివరికి దుర్గవ్వే తన వేలిముద్ర వేసి, కాగితాన్ని నాలుగిళ్లలో చూపించి వచ్చింది. "నేను కోడిని కాదని రాతకోతలైనయి. మరి మీ సంగతేంది?" అని అడిగింది. ఆ నాలుగిళ్ల ముసలమ్మలూ వచ్చి వేలిముద్రలు వేశారు.

అక్కణ్నుంచి మాట ఊళ్లోకి పాకింది. సిద్ధిరాములు దగ్గర కోడి కాదనే కాయితం ఇస్తున్నారట. పింఛను రావాలంటే అది ఉండాలట. లేనివాళ్ల పేర్లు కోళ్ల కింద రాసుకుంటారట. అంగడి రోజుకు ఆ మాట లింగంపేట దాకా వెళ్లింది.

ఆ సాయంత్రం వినీత కామారెడ్డి నుంచి వచ్చేసరికి షెడ్డు కనిపించలేదు. జనమే కనిపించారు. ముసలమ్మలు, ముసలయ్యలు, వాళ్లను బండ్ల మీద తీసుకొచ్చిన కొడుకులు, ఈ సందట్లో మిర్చీలు అమ్ముకుంటున్నవాళ్లు. యాకూబు కాగితాలకు లామినేషన్ కూడా మొదలుపెట్టాడు. సిద్ధిరాములు గొంతు పోయి సైగలతో పని నడిపిస్తున్నాడు.

"నా తలల ఒక్క ఎంటిక లేదు. నాకియ్యవా?" అని ఒక ముసలాయన బట్టతల చూపించి దెబ్బలాడుతున్నాడు.

"మా అత్తకు ఇయ్యకుండ్రి" అంటోంది ఒక కోడలు. "దినమంత గీపెడ్తది. ముందుగాల విచారణ జెయ్యుండ్రి."

ఆ గోలకు ఎదుటి ఆఫీసు నుంచి ఒక అధికారి బయటికొచ్చాడు. జనం దారిచ్చారు. ఆయన బల్ల మీంచి ఒక కాగితం తీసుకొని చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు.

"చూడండమ్మా, ఈ కాగితం ప్రభుత్వానికి అవసరం లేదు. ఎవరూ అడగరు. మీరు కోళ్లు కారని మాకు తెలుసు. ఇళ్లకు వెళ్లండి."

జనం మధ్యలోంచి ఒక గొంతు లేచింది. "అవసరం లేదు అన్నడంటె రేపు పక్కా అడుగుతరు! నాకు రెండియ్యి సిద్ధిరాములన్నా!"

వరుస ఇంకా పొడుగైంది. అధికారి కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకొని లోపలికి వెళ్లిపోయాడు.

వినీతకు భయమేసింది. ఇంతమంది పెద్దవాళ్లు గంటల తరబడి, ఒక అబద్ధాన్ని నమ్మి, తన పని కోసం నిలబడి ఉన్నారు. ఇలా వచ్చిన వేలిముద్ర అంగీకారం ఎలా అవుతుంది? బల్ల పక్కన ఖాళీ కుర్చీ ఎక్కి నిలబడింది. ఇంత జనం ముందు జీవితంలో ఎన్నడూ మాట్లాడలేదు.

"అందరు జర ఇనుండ్రి! గీ కాయితం పింఛన్‌కు కాదు, దేనికీ కాదు. నా దరఖాస్తు కోసం. ఒక కంప్యూటర్ ఉన్నది. అది నెరిసిన తలకాయలను చూసి కోళ్లనుకుంటున్నది. మా అవ్వను గూడ అన్నది. కాదని దానికి నేర్పుదామని నేను ఫొటోలు తీస్తున్న. ఇష్టం లేనోళ్లు పోవచ్చు. కాయితం లేకున్నా మీకేం కాదు. నా మీద ఒట్టు."

అందరూ వెళ్లిపోతారని వినీత అనుకుంది. బట్టతల ముసలాయన నెమ్మదిగా అడిగాడు.

"అంటె... మమ్ముల కోళ్లంటున్నదా?"

"అవును తాతా."

"అందర్నా?"

"తెల్ల జుట్టున్నోళ్లందర్ని."

"నీ యవ్వ!" అన్నాడాయన, కంప్యూటర్‌నుద్దేశించి. "తియ్యి బిడ్డా ఫొటో. ఎన్ని గావాలె? ముందర నుంచి తియ్యి, ఎనుక నుంచి తియ్యి."

ఇళ్లకు పోయినవాళ్లు చాలా తక్కువ. మిగిలినవాళ్లంతా పింఛను కోసం నిలబడ్డదానికన్నా పట్టుదలగా నిలబడ్డారు. కొప్పులు విప్పి ఒకసారి, ముడిచి ఒకసారి తీయించుకున్నారు. అత్తకు ఇవ్వొద్దన్న కోడలే అత్త జుట్టు దువ్వి కూర్చోబెట్టింది. వినీత ఫొటోలు తీస్తుంటే సిద్ధిరాములు ఒక్కొక్కరికీ కాగితం మొదటి నుంచి చివరి దాకా, పోయిన గొంతుతోనే చదివి వినిపించి, ఒప్పుకున్నాకే వేలిముద్ర వేయించుకున్నాడు. ముందు వేసినవాళ్లను కూడా వెనక్కి పిలిచి మళ్లీ అడిగాడు. ఆ పని చేయమని వినీత ఆయనకు చెప్పలేదు.

ఆ తలలన్నీ పట్టుకెళ్లి వినీత కామారెడ్డి కాలేజీ ల్యాబులో కంప్యూటర్‌కు చూపించింది. అది నేర్చుకుంది. ఇంటికొచ్చి దుర్గవ్వను పీట మీద కూర్చోబెడితే ఫోను ఆమె జోలికి రాలేదు. దుర్గవ్వ మురిసిపోయింది. కానీ ఫోను మొత్తం ఆరుసార్లే ‘కొక్’ అని ఊరుకుంది.

"ఏడోదేది?" అంది దుర్గవ్వ.

ఏడోది తెల్ల పెట్ట. గూటి మీదే నిలబడి ఉంది. ఫోను దాన్ని ఎన్నిసార్లు చూసినా, ఇదెవరో పెద్దావిడ అనుకొని గౌరవంగా వదిలేస్తోంది.

"నన్ను మనిషిని జేసినవు, నా కోడిని గూడ మనిషిని జేసినవు. మంచిగనే ఉన్నది నీ చదువు."

వినీతకు ఏడుపొచ్చినంత పనైంది. గడువు దగ్గర పడింది. ఇనెస్‌కు ఉన్నదున్నట్టు రాసింది. "తప్పు సరిచేస్తూ ఇంకో తప్పు చేశాను. తెల్ల జుట్టు ఎక్కువ చూపించాను, తెల్ల కోళ్లు తక్కువ చూపించాను. ఇంకో రెండు రోజులివ్వండి." అడిగినట్టే ఇచ్చారు. ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదీ తెల్ల కోళ్ల వెంట పడ్డారు. కుదురుగా నిలబడే పద్ధతి కోళ్లకు లేదు. విమలమ్మ బీడీలు పక్కన పెట్టి నూకలు చల్లింది. దుర్గవ్వ ఎన్నాళ్లుగానో మాటల్లేని పక్కింటికి స్వయంగా వెళ్లి, "మీ తెల్ల కోడిని ఒక్క పూట మా ఇంటికి తోలుండ్రి" అని అడిగింది. పక్కింటివాళ్లు ముందు అనుమానంగా చూసినా, చివరికి కోడితో పాటు తామూ వచ్చి చాయ్ తాగి వెళ్లారు.

మూడోసారి పరీక్షలో దుర్గవ్వ మనిషి, తెల్ల పెట్ట కోడి. వినీత తన కోడ్‌ను, ఫొటోలను, అంగీకార పత్రాలను ప్రాజెక్టుకు పంపింది. ఏయే దేశాలవాళ్లో దాన్ని చదివి ప్రశ్నలు వేశారు. ఇక్కడ ఈ వరుస ఎందుకు రాశావు, అక్కడ అది తీసేస్తే ఏమవుతుంది అని. తెలిసినవాటికి జవాబు రాసింది, తెలియనివాటికి తెలియదని రాసింది. ఒకాయన మాత్రం కోడ్ గురించి ఏమీ అడగలేదు. "‘గతములో కూడా ఎన్నడును కోడిని కాను’ అన్న వాక్యం న్యాయపరంగా చాలా పకడ్బందీగా ఉంది. దీన్ని మనం అన్ని భాషల్లోనూ వాడుకోవచ్చా?" అని అడిగాడు. సిద్ధిరాములు అనుమతి ఇచ్చాడు. ఇస్తూ, వేలిముద్రకు స్థలం వదలడం మరిచిపోవద్దని హెచ్చరించాడు.

ఎంపిక ఫలితం వచ్చిన రోజు వినీత బస్సులో లేదు, ల్యాబులోనూ లేదు. బోరు దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. మెయిల్ చదివేసరికి బిందె నిండి పొర్లి చెప్పులు తడిశాయి. ఆమెను తీసుకున్నారు. "మీ కోడ్‌లో నేర్చుకోవాల్సింది ఉంది. కానీ పొరపాటు జరిగినప్పుడు దాచకుండా చెప్పారు. దాన్ని మేం నేర్పలేం" అని రాసింది ఇనెస్.

వినీత ఇంట్లోకి పరుగెత్తి చెప్పింది. విమలమ్మ కూతురి తల నిమిరి చాట పక్కకు పెట్టింది. సిద్ధిరాములు ఆ మెయిల్‌ను ఇంకోసారి చదివించుకున్నాడు.

"మన కాయితాలే పనిచేసినయి గద బిడ్డా?"

వినీత ఆయన వైపు చూసింది. "బరాబర్ బాపు. కాయితాలే పనిచేసినయి" అంది.

మొదటి పని కూడా మెయిల్‌లోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌కు ఇక బాతులను నేర్పాలి. వినీతకు బాతుల గురించి తెలిసింది సున్నా. ఆమె ఆలోచించేలోపే సిద్ధిరాములు నలుగురికి ఫోన్లు చేశాడు. బీర్కూర్ దగ్గర వరి కోసిన మళ్లల్లో బాతుల మందలు దిగాయని తెలిసింది. తెల్లారి స్కూటర్ మీద ఇద్దరూ బయల్దేరారు.

వీళ్లు చేరేసరికి బాతులు కాలువ అవతలి మళ్లోకి దాటిపోయాయి. కాపలా మనిషి వీళ్లను పైకీ కిందికీ చూశాడు. "బాతులకు ఫొటోలా?" అన్నాడు. సిద్ధిరాములు చెప్పులు చేతిలో పట్టుకొని గట్టు మీద నిలబడి అతనికి విషయం వివరించడం మొదలుపెట్టాడు. అది ఇప్పట్లో తెమిలేది కాదని వినీతకు తెలుసు. పైజామా మోకాళ్ల దాకా మడిచి, ఫోను పైకెత్తి పట్టుకొని, కాలువలోని మోకాటి లోతు బురదలోకి దిగింది. మళ్లోని బాతులన్నీ ఒక్కసారే మెడలు చాచి ఆమె వైపు చూశాయి.